ఆపరేషన్ ముందు గోలీ బంద్ చెయ్యాల్నా?

శ్రీరాంపూర్, నస్పూర్ కాలనీల్లో, బొగ్గు బాయి పని నుంచి దిగిపోయిన కార్మికుల ఇళ్లల్లో మందుల డబ్బా తెరిస్తే ఎకోస్ప్రిన్ 75, అంటే ఆస్పిరిన్ షీటు కనిపించడం మామూలు. స్టెంటు వేసింది హైదరాబాద్‌లో. హెర్నియాకో ప్రోస్టేట్‌కో కోత పెట్టేది మంచిర్యాలలోనో, రామకృష్ణాపూర్ సింగరేణి ఏరియా ఆస్పత్రిలోనో. గుండె డాక్టరుకూ కోత డాక్టరుకూ మధ్య దాదాపు 250 కిలోమీటర్లు. "రక్తం పలచబడే గోలీ బంద్ చెయ్యాల్నా సారూ?" అనే ప్రశ్న ఆ దూరంలో పుట్టేదే. వైద్యానికి మాత్రం అది కొత్త ప్రశ్న కాదు.

బేయర్ కంపెనీ ఆస్పిరిన్‌ను 1899లో మార్కెట్లోకి తెచ్చాక అర్ధ శతాబ్దం పాటు అది నొప్పుల బిళ్లే. గుండెతో దానికి చుట్టరికం కలిపింది ఒక ఆపరేషన్. కాలిఫోర్నియాలో లారెన్స్ క్రేవెన్ అనే డాక్టరు టాన్సిల్స్ తీశాక నొప్పి తగ్గడానికి ఆస్పిరిన్ కలిపిన చూయింగ్ గమ్ ఇచ్చేవాడు. కొందరికి రక్తం ఒక పట్టాన ఆగేది కాదు. ఆరా తీస్తే, వాళ్లు గమ్ విడిగా కూడా కొనుక్కుని నమిలారని తేలింది. గాయం దగ్గర గడ్డ కట్టనివ్వనిది గుండె నాళంలో మాత్రం కట్టనిస్తుందా అనుకున్నాడాయన. తన దగ్గరికొచ్చే మగవాళ్లకు రోజూ ఆస్పిరిన్ ఇచ్చి, 1950లోనూ 1956లోనూ ఫలితాలు ప్రచురించాడు. మందు వాడనివాళ్లతో పోల్చి చూడలేదు కాబట్టి ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. క్రేవెన్ 1957లో పోయాడు, అదీ గుండెపోటుతోనే.

అసలు కిటుకు 1971లో జాన్ వేన్ బయటపెట్టాడు. 1982లో నోబెల్ కూడా వచ్చింది. ఆస్పిరిన్ రక్తాన్ని గడ్డ కట్టించే ప్లేట్‌లెట్‌లోని ఒక ఎంజైమును శాశ్వతంగా చెడగొడుతుంది. ప్లేట్‌లెట్‌కు కేంద్రకం లేదు, కొత్త ఎంజైము తయారుచేసుకోలేదు. ఇక బతికినన్నాళ్లూ అది పనికిరానిదే. దాని ఆయుష్షు 7 నుంచి 10 రోజులు. సర్జన్లు పట్టుకున్న "వారం, పది రోజుల ముందు ఆపెయ్యండి" అన్న సూత్రానికి లెక్క ఇక్కడ కుదిరింది. అయితే రోజూ పదో వంతు ప్లేట్‌లెట్లు కొత్తవి పుడుతూనే ఉంటాయి. మూడు నాలుగు రోజులకే రక్తం చాలావరకు మామూలుగా గడ్డకడుతుంది. పది రోజుల లెక్కలో జాగ్రత్త కంటే అలవాటే ఎక్కువని నా అనుమానం.

ఎందుకంటే, రక్తం కారితే సర్జన్ కళ్లముందే కారుతుంది. మందు ఆపినందుకు గడ్డ కడితే అది కొన్ని రోజుల తర్వాత, వేరే డాక్టరు దగ్గర బయటపడుతుంది. గుండెపోటు వచ్చిన వెంటనే ఆస్పిరిన్ ఇస్తే మరణాలు దాదాపు నాలుగో వంతు తగ్గుతాయని 1988లో, 17,187 మందిపై జరిగిన ఐసిస్-2 పరీక్ష చూపించింది. అయినా ఈ రెండో పక్క లెక్క చాలాకాలం ఎవరూ తీయలేదు. 2005లో బర్గర్ బృందం పాత అధ్యయనాలన్నీ కూర్చి చూసింది. ఆస్పిరిన్ కొనసాగిస్తే రక్తస్రావం ఒకటిన్నర రెట్లు పెరుగుతుంది గానీ, మెదడు ఆపరేషన్లలో, బహుశా ప్రోస్టేట్ కోతలో తప్ప తీవ్రత పెరగదని తేల్చింది. ఆపినవాళ్లలో గుండె సమస్య వచ్చినవారికి అది సగటున ఎనిమిదిన్నర రోజులకు వచ్చింది.

ఈలోగా స్టెంట్లు వచ్చాయి. 1990ల్లో హైదరాబాద్‌లో అబ్దుల్ కలాం, గుండె డాక్టర్ సోమరాజు కలిసి కలాం-రాజు స్టెంటు తయారుచేయించారు. 2007లో ఆరోగ్యశ్రీ మొదలైంది. 2017 ఫిబ్రవరిలో కేంద్రం మందు పూత స్టెంటు ధరను 29,600 రూపాయలకు కట్టడి చేసింది. ధనికుల వైద్యం బొగ్గు పట్టీకి చేరింది. దానితోపాటే రోజూ ఆస్పిరిన్ మింగాల్సినవాళ్లూ పెరిగారు.

2014లో పాయిజ్-2 ఫలితాలొచ్చాయి. భారత్ సహా 23 దేశాల్లో, గుండెకు కాని ఆపరేషన్లు చేయించుకున్న 10,010 మందిపై జరిగిన పరీక్ష ఇది. ఆస్పిరిన్ తీసుకున్నవాళ్లలో 7.0 శాతం మందికి, ఉత్త బిళ్ల తీసుకున్నవాళ్లలో 7.1 శాతం మందికి మరణమో గుండెపోటో వచ్చింది. తేడా లేనట్టే. పెద్ద రక్తస్రావం మాత్రం 3.8 నుంచి 4.6 శాతానికి పెరిగింది. "ఇక ఆపేయొచ్చు" అన్నవాళ్లు చాలామంది. కానీ స్టెంటు వేసి ఎక్కువ కాలం కానివాళ్లను ఆ పరీక్షలోకి తీసుకోనే లేదు. అంతకుముందే యాంజియోప్లాస్టీ అయిన 470 మందిని విడిగా చూసి 2018లో ప్రచురిస్తే కథ తిరగబడింది: ఆస్పిరిన్‌తో 6 శాతం, లేకుంటే 11.5. ఆ తర్వాత కొరియా, భారత్, టర్కీల్లో స్టెంటు వేసి ఏడాది దాటినవాళ్లపై జరిగిన పరీక్ష 2024లో మళ్లీ పెద్ద తేడా లేదంది.

కాబట్టి ఇప్పుడు డాక్టరు మొదట అడగాల్సింది గోలీ ఎన్ని రోజులు ఆపాలని కాదు, ఎందుకు వేసుకుంటున్నారని. గుండెజబ్బు లేకుండా ముందుజాగ్రత్తకే వేసుకుంటుంటే ఆపడానికి పెద్ద అడ్డేమీ లేదు. స్టెంటు ఉంటే, అందులోనూ కొత్తదైతే, గుండె డాక్టరును అడక్కుండా ఆపకూడదు. పన్ను పీకడానికి, శుక్లాల ఆపరేషన్‌కు సాధారణంగా ఆపక్కర్లేదు. మెదడు, వెన్నుపూస లోపలి కోతలకు మామూలుగా ఆపుతారు.

చిక్కు షీటు దగ్గర కూడా ఉంది. ఆస్పిరిన్, గడ్డ కట్టనివ్వని ఇంకో మందు క్లోపిడోగ్రెల్, కొలెస్ట్రాల్ మందు మూడూ ఒకే క్యాప్సూల్‌లో దొరుకుతున్నాయి. "ఎకోస్ప్రిన్ బంద్ చేసిన" అన్న మనిషి అదే మందును ఇంకో పేరుతో రాత్రిపూట మింగుతుండొచ్చు. క్యాప్సూల్ మొత్తం మానేస్తే మూడు మందులూ ఒకేసారి పోతాయి. క్లోపిడోగ్రెల్‌ను ఐదు రోజుల ముందు ఆపి ఆస్పిరిన్ ఒక్కటే కొనసాగించమని డాక్టరు చెప్పాడనుకుందాం. అప్పుడు క్యాప్సూల్ పక్కనపెట్టి ఆస్పిరిన్‌నూ కొలెస్ట్రాల్ గోలీనీ విడిగా రాయించుకోవాలి, మళ్లీ క్యాప్సూల్ ఎప్పుడు మొదలుపెట్టాలో కూడా అదే చీటీ మీద.