మేరీ రీబీ

మేరీ రీబీ (1777–1855): బ్రిటన్ నుంచి ఆస్ట్రేలియాకు ప్రవాస శిక్షపై వెళ్లి, సిడ్నీ వర్తకుల్లో ముందువరుసకు చేరిన మహిళ. ఇంగ్లండులోని లాంకషైర్ ప్రాంతపు బరీలో పుట్టింది. అసలు పేరు మేరీ హేడాక్. చిన్నతనంలోనే ఇల్లు విడిచి, మగపిల్లాడి వేషంలో జేమ్స్ బరో అనే పేరుతో తిరుగుతూ గుర్రం దొంగతనం కేసులో పట్టుబడింది. 1791లో స్టాఫర్డ్ న్యాయస్థానం ఏడేళ్ల ప్రవాసం విధించింది. అప్పటికి ఆమెకు పద్నాలుగేళ్లు.

1792 అక్టోబరులో రాయల్ అడ్మిరల్ నౌకలో సిడ్నీ చేరింది. చేరగానే బంధువుకు రాసిన ఉత్తరం నేటికీ భద్రంగా ఉంది. ఖైదీల బతుకులు ఎక్కువగా అధికారుల చిట్టాల్లోనే దొరుకుతాయి కనుక, ఒక బాలిక స్వహస్తాలతో రాసిన ఆ కాగితం ఎంతో విలువైనది.

1794లో థామస్ రీబీని పెళ్లాడింది. 1811లో భర్త మరణించాక, ఏడుగురు పిల్లలను సాకుతూ ఓడలు, గిడ్డంగులు, భూముల వ్యాపారాన్ని తానే నడిపి విస్తరించింది. 1817లో బ్యాంక్ ఆఫ్ న్యూ సౌత్ వేల్స్ మొదలైంది ఆమె ఇంట్లోనే.

1820లో కూతుళ్లతో ఇంగ్లండు వెళ్లి మరుసటి ఏడాది తిరిగివచ్చింది. 1828 జనగణనలో, తాను 1821లో స్వేచ్ఛగా వచ్చానని రాయించింది. మాట అబద్ధం కాదు, మొదటి రాకను మాత్రం దాచింది. ఖైదీ అన్న ముద్ర ఎంత బరువైనదో ఆ ఒక్క నమోదు చెబుతుంది.

1994 నుంచి ఆస్ట్రేలియా 20 డాలర్ల నోటుపై ఆమె చిత్రం ఉంది.