1969: ఉస్మానియా, ఢాకా, మిగులు నిధుల లెక్క

1969ని ప్రపంచ చరిత్రకారులు విద్యార్థి తిరుగుబాట్ల కాలంలో భాగంగా చూస్తారు. జనవరి 18, 19 తేదీల్లో టోక్యో విశ్వవిద్యాలయంలో యసుదా భవనాన్ని ముట్టడించి పోలీసులు విద్యార్థులను బయటికి ఈడ్చారు. అంతకు ముందు ఏడాది పారిస్ వీధుల్లో మొదలైన అలజడి తర్వాత ఏప్రిల్ 28న ఫ్రాన్స్ అధ్యక్షుడు దగాల్ పదవి నుంచి దిగిపోయాడు. ఉస్మానియా విద్యార్థులు ఆ జనవరిలోనే రోడ్డెక్కారు కాబట్టి వారినీ ఈ వరుసలో చేర్చడం తేలిక. అది సరైన పోలిక కాదని, ఉస్మానియాకు దగ్గరి చుట్టం ఢాకా విశ్వవిద్యాలయమని ఈ వ్యాసం ప్రతిపాదన.

టోక్యో విద్యార్థులు విశ్వవిద్యాలయమనే వ్యవస్థనే నిలదీశారు. ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద చేరినవారు అడిగింది వేరు: 1956 ఫిబ్రవరి 20 నాటి పెద్దమనుషుల ఒప్పందం అమలు కావాలి, పదిహేనేళ్ల నివాసం ఉన్న ముల్కీలకు దక్కాల్సిన కొలువులు వారికే దక్కాలి, తెలంగాణ ఆదాయంలో మిగులు తెలంగాణలోనే ఖర్చు కావాలి. జనవరి 19 అఖిలపక్ష ఒప్పందం రక్షణలు అమలు చేస్తామంది. దాంతో ఉద్యమం చల్లారలేదు. రక్షణల కోరిక కొద్ది వారాల్లోనే ప్రత్యేక రాష్ట్ర కోరికగా మారింది.

ఈ గొడవకు మూలం లెక్కల పుస్తకం. 1956 నవంబరు 1 నుంచి 1968 మార్చి 31 దాకా తెలంగాణ మిగులు 34.10 కోట్ల రూపాయలని లలిత్ కమిటీ తేల్చింది. తర్వాత జస్టిస్ భార్గవ కమిటీ దాన్ని 28.34 కోట్లకు తగ్గించింది. రెండు అంకెల మధ్య తేడా ఎంతైనా, మిగులు ఉందన్న మాటను రెండూ ఒప్పుకున్నాయి. నా దృష్టిలో 1969 చరిత్రలో అన్నిటికన్నా బరువైన వాస్తవం ఇదే.

ఢాకాలోనూ గొడవ మిగులు గురించే. తూర్పు పాకిస్తాన్ జనపనార తెచ్చిన విదేశీ మారకం పశ్చిమాన ఖర్చవుతోందని రెహమాన్ సోభాన్ వంటి ఢాకా ఆర్థికవేత్తలు వాదించారు. ఒకే దేశంలో రెండు ఆర్థిక వ్యవస్థలున్నాయన్నారు. అక్కడి నాయకులు 1966లో ప్రకటించిన ఆరు సూత్రాలు విదేశీ మారకానికి వేర్వేరు ఖాతాలు కోరాయి. 1969 జనవరిలో విద్యార్థులు పదకొండు అంశాలతో వీధుల్లోకి వచ్చారు. మార్చి 25న పాకిస్తాన్ అధ్యక్షుడు అయూబ్ ఖాన్ గద్దె దిగి, అధికారాన్ని సైన్యాధిపతి యాహ్యాఖాన్‌కు అప్పగించాడు.

సరిగ్గా మూడు రోజులకు, మార్చి 28న, మన సుప్రీంకోర్టు ముల్కీ రక్షణకు ఆధారమైన 1957 చట్టంలోని మూడో సెక్షన్‌ను తెలంగాణ వరకు కొట్టేసింది. నివాస షరతు మొత్తం రాష్ట్రానికి పెట్టవచ్చు గానీ అందులో ఒక భాగానికి పెట్టే అధికారం పార్లమెంటుకు లేదని దాని తర్కం. ఒకచోట సైన్యం, మరోచోట న్యాయస్థానం. ఈ తేడా చిన్నది కాదు.

పోలికకు హద్దు కూడా ఉంది. నాటి పాకిస్తాన్‌లో బెంగాలీలు అధిక సంఖ్యాకులు. నాటి ఆంధ్రప్రదేశ్‌లో తెలంగాణ వారు తక్కువ. ఓట్లతో కేంద్రాన్ని గెలిచే దారి ఢాకాకు ఉండేది, ఉస్మానియాకు లేదు.

కొలువుల గొడవను తార్నాక మరో వైపు నుంచి చూపిస్తుంది. ఉస్మానియా క్యాంపస్‌ను ఆనుకునే, 1969లో జాతీయ పోషకాహార సంస్థగా పేరు మార్చుకున్న పరిశోధనశాల ఉంది. 1956లోనే సీఎస్ఐఆర్ కిందికి వెళ్లిన ప్రాంతీయ పరిశోధనశాల ఉండేది. ఇవి కేంద్ర సంస్థలు, ముల్కీ నిబంధనల పరిధిలోకి వచ్చేవి కావు. పట్టా చేతపట్టుకున్న స్థానిక యువకుడికి ఇంటి పక్కనే ఉన్న ఈ కొలువుల్లో ప్రత్యేక హక్కేమీ ఉండేది కాదు. అందుకే రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగం మీద అంత పట్టుదల.

ఢిల్లీ చూపు మాత్రం వేరే చోట ఉంది. ఏప్రిల్ 11న ఇందిరా గాంధీ తెలంగాణకు అష్టసూత్ర పథకం ప్రకటించారు. మే 1న హైదరాబాదులో ఊరేగింపుపై కాల్పులు జరిగాయి. మే 3న, హైదరాబాదులోనే పుట్టిన రాష్ట్రపతి జాకిర్ హుస్సేన్ కన్నుమూశారు. అక్కడి నుంచి కాంగ్రెస్ అంతర్యుద్ధం బయటపడింది. తాత్కాలిక రాష్ట్రపతిగా జులై 19న 14 బ్యాంకుల జాతీయకరణ ఆర్డినెన్స్‌పై సంతకం చేసిన వి.వి. గిరి, ఆగస్టులో నీలం సంజీవరెడ్డిని ఓడించి రాష్ట్రపతి అయ్యారు. ఇద్దరూ తెలుగువారే. పైగా సంజీవరెడ్డి పెద్దమనుషుల ఒప్పందంపై ఆంధ్ర పక్షాన సంతకం చేసినవారు. తెలంగాణ పక్షాన సంతకం చేసిన మర్రి చెన్నారెడ్డి ఆ ఏడాదే తెలంగాణ ప్రజా సమితికి నాయకుడయ్యారు. రాష్ట్రపతి ఎన్నికలో ఎమ్మెల్యేలకూ ఓటుంటుంది. అలాంటి వేళ ఆంధ్రప్రదేశ్ శాసనసభను కదిలించే నిర్ణయం తీసుకునే సాహసం ఢిల్లీకి లేకపోయిందని నా అంచనా.

1971 ఎన్నికల్లో ప్రజా సమితి 14 లోక్‌సభ స్థానాల్లో 10 గెలిచింది, ఆ ఏడాదే కాంగ్రెస్‌లో కలిసిపోయింది. అదే ఏడాది డిసెంబరులో బంగ్లాదేశ్ విముక్తి పొందింది. తెలంగాణ రాష్ట్రం 2014 జూన్ 2న వచ్చింది. 1969 అమరులు 369 మంది అని ఉద్యమకారులు చెబుతారు. వారి త్యాగంపై రాసినంతగా, వారు అడిగిన మిగులు లెక్కపై మన పరిశోధకులు రాయాలి. ఉస్మానియా ఆర్థికశాస్త్ర, చరిత్ర విద్యార్థులు లలిత్, భార్గవ కమిటీల నివేదికలనూ ఢాకా ఆర్థికవేత్తల రచనలనూ పక్కపక్కన పెట్టుకుని చదవాలని నా విన్నపం.