మర్రే ఒడ్డున ఫరో పాట

ఐగుప్తులో బానిసలైన ఇశ్రాయేలీయుల కథ ఆస్ట్రేలియా ఆదివాసుల నోట పాటగా మారిన సంవత్సరం 1886. న్యూ సౌత్ వేల్స్, విక్టోరియాల మధ్య సరిహద్దుగా పారే మర్రే నది ఒడ్డున మలోగా అని ఒక క్రైస్తవ మిషన్ ఉండేది. ఆ ఏడాది అక్కడికి ఫిస్క్ జూబిలీ సింగర్స్ వచ్చారు. అమెరికాలో బానిసత్వం నుంచి బయటపడ్డ నల్లవాళ్ళ భక్తిగీతాలను ప్రపంచానికి వినిపించిన బృందం అది. ఫ్రెడరిక్ లౌడిన్ నాయకత్వంలో దేశదేశాలు తిరుగుతూ ఆస్ట్రేలియా చేరింది. వాళ్ళ పాటల్లో ఒకటి, ఇశ్రాయేలీయులను నడిపించిన మోషేను తరుముతూ వచ్చి ఎర్ర సముద్రంలో మునిగిపోయిన ఐగుప్తు రాజు ఫరో సైన్యం గురించి. విన్నవాళ్ళు ఆ నేల ఆదివాసులైన యోర్టా యోర్టా ప్రజలు. పాట నచ్చింది, తమ భాషలోకి తెచ్చుకున్నారు. అదే 'బురా ఫెరా'.

దాన్ని కాగితం మీద పెట్టినది మిషన్ బడిపంతులు థామస్ షాడ్రక్ జేమ్స్ అని చెబుతారు. ఈయన మనకు మరీ పరాయివాడు కాదు. మారిషస్‌లో 1859లో పుట్టిన భారత సంతతి మనిషి. మలోగా చేరి, అక్కడి అమ్మాయి అడా కూపర్‌ను పెళ్ళాడి, ఏళ్ళ తరబడి అక్కడి పిల్లలకు చదువు చెప్పాడు. ఆయన దగ్గర చదువుకున్నవాళ్ళలో చాలామంది తర్వాత ప్రభుత్వానికి అర్జీలు రాసే నాయకులయ్యారు. అడా అన్నదమ్ముల్లో ఒకడైన విలియం కూపర్ వాళ్ళలో ముఖ్యుడు.

మలోగా మిషన్‌ను 1874లో పెట్టినవాడు డేనియల్ మాథ్యూస్. తెల్ల స్థిరనివాసులు తరిమేసిన ఆదివాసులను చేరదీశాడు, వాళ్ళకు భూమి ఇవ్వాలని పోరాడాడు. 1881లో మలోగా మగవాళ్ళు 42 మంది, సేద్యానికీ పశువులకూ నేల కావాలని గవర్నరుకు అర్జీ పెట్టుకుంటే వెన్నంటి నిలిచాడు. 1883లో 1,800 ఎకరాలు కేటాయించారు కూడా. కానీ మంచితనంతో పాటు ఆయనకు పెత్తనమూ ఉంది. ప్రార్థన ఎప్పుడు, పని ఎప్పుడు, ఎవరు ఎలా నడుచుకోవాలి, అన్నీ ఆయనే చెప్పాలి. విసిగిపోయిన జనం 1888లో ఆయన్ని అక్కడే వదిలి, ఇళ్ళు విప్పుకుని, నది వెంబడి కొద్ది మైళ్ళ ఎగువన ఆ కేటాయించిన నేలకే తరలిపోయారు. జేమ్స్ బడి కూడా వాళ్ళతోనే వెళ్ళింది. కొత్త ఊరు కమ్మరగంజ.

బైబిలు సంఖ్యాకాండం ఎరిగినవాళ్ళకు ఇది కొత్త కాదు. అరణ్యంలో కోరహు మోషే ముందు నిలబడి, సమాజమంతా పరిశుద్ధమే కదా, నీకెందుకు పైచేయి అని అడిగాడు. ఆ కథలో భూమి నోరు తెరిచి కోరహును మింగేసింది. మలోగాలో అడిగినవాళ్ళనెవరినీ భూమి మింగలేదు. దేవుణ్ణీ వాళ్ళు వదల్లేదు, పాటలూ వదల్లేదు. మిషనరీని మాత్రం వదిలేశారు. విశ్వాసం వేరు, విధేయత వేరు అని వాళ్ళకు బాగా తెలిసినట్టుంది.

కమ్మరగంజలో కొన్నేళ్ళు సేద్యం బాగా సాగింది. తర్వాత ఆదివాసుల 'రక్షణ' బోర్డు కుటుంబాలకిచ్చిన పొలాలు లాక్కుంది. రేషన్ పిండి, పంచదార, టీ కోసం మేనేజరు దయకు ఎదురుచూసే బతుకు వచ్చింది. ఇశ్రాయేలీయులకు మన్నా అయినా ఆకాశం నుంచి రాలేది. ఇక్కడ అది తాళం వేసిన గిడ్డంగిలో ఉండేది.

విలియం కూపర్ అప్పటికే ముసలివాడు. మెల్‌బోర్న్ వచ్చి, ఆదివాసుల తరఫున పార్లమెంటులో ప్రతినిధి కావాలని ఐదో జార్జి చక్రవర్తికి 1,814 సంతకాలతో అర్జీ తయారుచేశాడు. దాన్ని లండన్‌కు పంపడానికే ఆస్ట్రేలియా ప్రభుత్వం నిరాకరించింది. 1938 డిసెంబరు 6న ఆయన మరో పని చేశాడు. జర్మనీలో యూదుల ఇళ్ళు, ప్రార్థనామందిరాలు తగలబెట్టారని తెలిసి, తనవాళ్ళను వెంటబెట్టుకుని మెల్‌బోర్న్‌లోని జర్మన్ కాన్సులేటుకు నిరసన పత్రం తీసుకెళ్ళాడు. కాన్సులేటు అది తీసుకోలేదు. తమకే ఓటు హక్కు సరిగా లేని మనుషులు, ఎక్కడో ఉన్న యూదుల కోసం నడిచారు. ఆ యూదుల పూర్వీకుల కథను వాళ్ళు చిన్నప్పటి నుంచీ పాడుతూనే ఉన్నారు మరి.

రెండు నెలలు తిరక్కుండానే కమ్మరగంజ లేచింది. మేనేజరు మెక్‌క్విగన్ జులుం, చాలీచాలని తిండి, పిల్లలను ఎత్తుకుపోతారన్న భయం. 1939 ఫిబ్రవరి 4న, ఆ ఊళ్ళోనే పుట్టిన జాక్ ప్యాటన్ మాటతో సుమారు 200 మంది సామాన్లు సర్దుకుని నది దాటి విక్టోరియా వైపు బార్మా అనే చోట గుడారాలు వేసుకున్నారు. జనాన్ని రెచ్చగొట్టాడని ప్యాటన్‌ను అరెస్టు చేశారు. సమ్మె నెలల తరబడి సాగింది.

ఇక్కడే నిర్గమకాండంతో పోలిక తెగిపోతుంది. ఇశ్రాయేలీయులకు ఐగుప్తు ఒకచోట, వాగ్దానదేశం మరోచోట. యోర్టా యోర్టాలు వదిలొచ్చిన నేల రెండూ తానే. పెత్తనం అక్కడే, తాతముత్తాతల నేలా అదే. అందుకే కొందరు తిరిగి వెళ్ళారు. వెళ్ళనివాళ్ళు షెపర్టన్, మూరూప్నా మధ్య వరద వచ్చే పల్లంలో రేకులతో, గోనెపట్టాలతో గుడిసెలు కట్టుకుని ఏళ్ళు గడిపారు. అసలు అరణ్యవాసం అదే అనిపిస్తుంది నాకు. కమ్మరగంజ భూమి యోర్టా యోర్టాల చేతికి వచ్చింది 1980ల్లో. 'బురా ఫెరా' మాత్రం 2012లో 'ది సఫైర్స్' సినిమాతో లోకమంతా వినిపించింది. ఇప్పుడు దాన్ని బృందగానంగా పాడేవాళ్ళు, యోర్టా యోర్టాలు కానివాళ్ళు కూడా, చాలామంది ఉన్నారు.