ఇంటి సోదాయు గృహస్థుని సమ్మతియు

అనకాపల్లినుండి మాడుగుల మీదుగా పాడేరు ఘాటు నెక్కు దారిలో, మైదానము ముగిసి మన్యము మొదలగుటకు ముందు తగులు పెద్ద ఊరు చోడవరము. 2022 ఏప్రిలునుండి అది అనకాపల్లి జిల్లాలో చేరినను పెద్దల నోట నేటికిని విశాఖపట్టణము జిల్లాయే. చెరకు తోటలకును, బెల్లమునకును, గోవాడ చక్కెర కర్మాగారమునకును పేరుపొందిన ఈ ప్రాంతమున, బెల్లపు ఊటతో నాటుసారా కాచుచున్నారను అనుమానము మీద ఎక్సైజువారును, కొండమీదినుండి గంజాయి దిగుచున్నదను సమాచారము మీద పోలీసువారును పల్లెలలోని యిండ్ల తలుపులు తట్టుట ఏండ్లతరబడి జరుగుచున్న పని. అట్లు వచ్చినవారు వారంటు చూపక, "ఒకసారి ఇల్లు చూసుకుని వెళ్లిపోతాం" అన్నపుడు, "రండి బాబూ, చూసుకోండి" అని ప్రక్కకు తొలగుట మన పల్లెవాసికి అలవాటైపోయినది. ఆ మాట అనవలసినదేనా, అనినచో దాని ఫలమేమి, అననిచో చట్టము తనకు తోడువచ్చునా యను సందేహములు నేటి చట్టపుస్తకము నొక్కదానిని తిరుగవేసినంత మాత్రమున తీరవు. ఆ చట్టము నడచివచ్చిన త్రోవను గూడ చూడవలసియున్నది.

కంపెనీవారి కాలమున చెన్నరాజధానిలో శిస్తు వసూలుచేయు చేతికే పోలీసు అధికారమును ఉండెను. 1816 నాటి రెగ్యులేషను గ్రామమునసబుకు పోలీసు విధులను కట్టబెట్టినది. తహసీలుదారు పన్నుకొరకు పంపిన బంట్రోతే దొంగసొత్తుకొరకును ఇల్లు సోదాచేయును. ఈ రెండధికారముల కలయికవలన రైతు పడిన బాధలను లోకమునకు చాటినవారిలో అగ్రగణ్యుడు మన తెలుగువాడే, గాజుల లక్ష్మీనరసు చెట్టి. 1844లో 'క్రెసెంటు' పత్రికను నెలకొల్పి, 1852లో మద్రాసు నేటివ్ అసోసియేషనును స్థాపించి, రైతులపై జరుగు చిత్రహింసలను గూర్చి ఆంగ్ల పార్లమెంటువరకు మొరపెట్టిన మహనీయుడాయన. ఆ ఆందోళన ఫలముగా ఏర్పడిన విచారణ సంఘము, శిస్తు రాబట్టుటకును నేరము ఒప్పించుటకును చిత్రహింస వాడుకలో నున్నదని 1855లో నివేదించినది. తరువాత 1859లో మద్రాసు పోలీసు చట్టము, 1861లో మొదటి క్రిమినల్ ప్రొసీజరు కోడు వచ్చినవి. ఇంటి సోదాకు ఒక వ్రాతపూర్వకమైన పద్ధతి ఏర్పడుట అప్పటినుండియే.

అయితే ఈ పద్ధతి కొండ ఎక్కలేదు. 1839 నాటి చట్టము గంజాము, విశాఖపట్టణము జిల్లాల కొండప్రాంతములను సాధారణ న్యాయవ్యవస్థనుండి తప్పించి కలెక్టరును అచట ఏజెంటుగా నిలిపినది. కావున చోడవరము దిగువనున్న రైతునకు కోడు వర్తించిన కాలమున, మాడుగుల దాటి ఘాటునెక్కినవానికి ఏజెంటుగారి ఉత్తరువే శాసనమైనది. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి ఠాణాలనుండి అల్లూరి సీతారామరాజు అనుచరులు ఆయుధములు గొనిపోయిన పిమ్మట, మలబారు స్పెషల్ పోలీసులును అస్సాం రైఫిల్సును మన్యపు గూడెములను గాలించినపుడు ఏ గుడిసె తడికయొద్దను ఎవరి సమ్మతియు నడిగినవారు లేరు.

మైదానమున నడచిన 1898 నాటి కోడులో రెండు సెక్షనులు మన విషయమునకు ఆయువుపట్టులు. 165వ సెక్షను, దర్యాప్తు చేయుచున్న ఠాణా అధికారికి, వారంటుకై పోయినచో జాగైపోవునను సందర్భమున, వారంటు లేకయే సోదాచేయు నధికారమిచ్చినది. 103వ సెక్షను, ఆ చుట్టుప్రక్కల గౌరవస్థులైన ఇద్దరినైనను పిలిచి వారి యెదుట సోదా చేయవలెననియు, దొరికిన వస్తువుల జాబితా వ్రాసి వారి సంతకములు గైకొనవలెననియు విధించినది. పోలీసువారు నచ్చినప్పుడెల్ల నచ్చినచోటెల్ల వెదకుచున్నారను ఫిర్యాదులు పెరుగగా, తన నమ్మకమునకు గల కారణములను, వెదకబోవు వస్తువును అధికారి ముందుగా వ్రాసియుంచవలెనను నియమమును 1923 నాటి సవరణ చేర్చినది. ఇందు గమనింపదగిన దొకటి కలదు. ఈ సెక్షనులలో నెచటను గృహస్థుని సమ్మతి ప్రసక్తి లేదు. అధికారము కలదేని సమ్మతితో పనిలేదు. అధికారము లేదేని రాతలేని సమ్మతి దానిని సృష్టింపజాలదు. మన చట్టము గృహస్థునికి కల్పించిన రక్షణ ఆయన నోటిమాటలో లేదు, అధికారి చేతివ్రాతలో నున్నది.

ఈ రక్షణను రాజ్యాంగమునకు ఎక్కింపవలెనని స్వాతంత్ర్యపు తొలిదినములలో గట్టి ప్రయత్నమే జరిగినది. 1947లో ప్రాథమిక హక్కుల ఉపసంఘమున మున్షీయు, అంబేద్కరును సిద్ధపరచిన ముసాయిదాలలో, అసమంజసమైన సోదాలనుండి రక్షణ ప్రాథమిక హక్కుగా చోటుచేసికొన్నది. అమెరికనులు 1791లో తమ రాజ్యాంగమున చేర్చుకొన్న నాల్గవ సవరణయే దీనికి మాతృక. దీనిని అడ్డగించినవారిలో ముఖ్యుడు మరల ఒక తెలుగుగడ్డ బిడ్డయే: నెల్లూరు జిల్లా పూడూరున 1883లో జన్మించి, చెన్నరాజధానికి పదునైదేండ్లు అడ్వొకేటు జనరలుగా నుండిన అల్లాడి కృష్ణస్వామయ్యరుగారు. అమెరికా రాజ్యాంగము పుట్టిననాటి స్థితి వేరు, కోడు శతాబ్దమునకు దగ్గరగా అమలులోనున్న మన దేశపు స్థితి వేరు. ఈ హక్కును చేర్చినచో కోడులోని కొన్ని నిబంధనలు రద్దగును, ఏ సోదా సమంజసమో ఏది కాదో తేల్చుభారము సుప్రీంకోర్టుపై పడును – ఇది ఆయన వాదసారము. రాజ్యాంగసభ సలహాదారు బి.ఎన్. రావుగారును దర్యాప్తు కుంటుపడునను భయమునే ప్రకటించిరి. హక్కు ముసాయిదానుండి జారిపోయినది. 1948 డిసెంబరులో రాజ్యాంగసభయందు కాజీ సయ్యద్ కరీముద్దీను దానిని సవరణగా మరల తెచ్చినపుడు అంబేద్కరు అది ఉపయోగకరమైన నిబంధనయేయని అంగీకరించినను, తుదకు సభ దానిని త్రోసిపుచ్చినది. అల్లాడివారి ధర్మశాస్త్రపాండిత్యమునకు నమస్కరించుచునే యొకమాట చెప్పవలసియున్నది: కోడును సామాన్యశాసనముగా ఏ శాసనసభయైనను మార్చవచ్చును, ప్రాథమిక హక్కు నట్లు మార్చరాదు. ఆ వ్యత్యాసమునకు మూల్యమును తరువాతి డెబ్బదియేండ్లు గృహస్థులు చెల్లించిరి.

1954లో ఎం.పి. శర్మ కేసున ఎనమండుగురు న్యాయమూర్తుల ధర్మాసనము, మన రాజ్యాంగమున నాల్గవ సవరణవంటిది లేదు గనుక సోదాల విషయమున ఏకాంతపు హక్కును అరువుదెచ్చుకొనుటకు వీలులేదని తేల్చినది. తలుపు మూసికొన్నట్లే కనబడిన ఆ దశలో, సందు చేసినవారు రాజమహేంద్రవరమున 1902లో జన్మించిన కోకా సుబ్బారావుగారు. గుంటూరున 1954లో ఏర్పడిన ఆంధ్ర హైకోర్టునకు ప్రథమ ప్రధాన న్యాయమూర్తిగా నుండి, 1958లో సుప్రీంకోర్టునకు వెడలిన ఆయన, రాజస్థాన్ ప్రభుత్వమునకును రహమాన్ అను వ్యక్తికిని నడచిన వ్యాజ్యమున ఇచ్చిన తీర్పు మన ప్రశ్నకు సూటిగా తగులును. సుంకపుశాఖ అధికారి యొకడు కారణములు వ్రాయకయే రహమాన్ ఇంటిని సోదాచేయబోగా అతడు అడ్డగించెను. విధినిర్వహణను అడ్డగించినాడని అభియోగము మోపిరి. కారణములు వ్రాయుట వట్టి తతంగము కాదనియు, అది లేని సోదా చట్టబద్ధమైన విధినిర్వహణయే కాదనియు, కావున ఆ నేరము నిలువదనియు సుప్రీంకోర్టు నిర్ణయించినది.

1962 డిసెంబరు 18న వెలువడిన ఖరక్‌సింగ్ తీర్పులో, చరిత్రషీటున్నవాని ఇంటికి పోలీసులు రాత్రివేళ వచ్చి తలుపు తట్టు పద్ధతిని న్యాయమూర్తులందరును కొట్టివేసిరి. తక్కిన నిఘాను అధికసంఖ్యాకులు నిలిపిరి. సుబ్బారావుగారు మాత్రము, జె.సి. షాగారితో కలసి, ఏకాంతము వ్యక్తిస్వాతంత్ర్యములో అవిభాజ్యమైన అంగమని విడిగా వ్రాసి, నిఘా నియమమంతయు చెల్లదనిరి. ఇంచుమించు అదే కాలమున రాధాకిషన్ కేసున అదే న్యాయస్థానము, నియమోల్లంఘనముతో జరుగు సోదాను గృహస్థుడు ఎదిరింపవచ్చుననియు, అయినను అట్టి సోదాలో దొరికిన వస్తువు జప్తు మాత్రము చెడదనియు పలికినది. ఈ రెండుమాటలు ఒక్క తీర్పులోనే నిలిచియుండుటలోనే మనదేశపు గృహస్థుని చిక్కంతయు నున్నది.

ఆ చిక్కు 1973లో పూరన్‌మల్ తీర్పుతో బిగిసినది: అక్రమసోదాలో దొరికినదైనను ప్రస్తుతాంశమునకు సంబంధించినదేని సాక్ష్యముగా స్వీకరింపవచ్చును. అదే సంవత్సరమున అమెరికా సుప్రీంకోర్టు, నిరాకరించు హక్కు కలదని పోలీసు ముందుగా చెప్పకున్నను, ఒత్తిడిలేక ఇచ్చిన సమ్మతి చెల్లుననెను. అచట అక్రమముగా దొరికిన సాక్ష్యము విచారణనుండి వెలివేయబడును గనుకనే సమ్మతి యిచ్చెనా లేదా యను తర్కమంతటి ప్రాధాన్యము పొందినది. ఇచట సాక్ష్యము వెలివేయబడదు. అందువలన సమ్మతి నిరర్థకమని తలచుట పొరబాటు. "ఇంటివారే చూడనిచ్చిరి" అను ఒక్క వాక్యము పంచనామాలో పడినచో, కారణములు వ్రాయలేదేమని, మధ్యవర్తులను పిలువలేదేమని అడుగు న్యాయవాది నోరు సగము మూతపడును.

పంచనామాను దగ్గరగా చూచినవారికి ఇది బోధపడును. మన జిల్లాలో దానిని మధ్యవర్తుల నివేదిక యందురు. అరుగుమీద కూర్చున్న రైటరు వ్రాయుచుండును. మధ్యవర్తులుగా తరచు గ్రామ రెవెన్యూ అధికారి వచ్చును. తేదీ, వేళ, వస్తువు, బరువు వరుసగా పడి, చివర చదివి వినిపించితిమను వాక్యము నిలుచును. దాని క్రింద నిశానీ వేయు కూలివానికి ఆ కాగితమున తన సమ్మతి చేరినదో లేదో చూచుకొను అక్షరజ్ఞానము పెక్కుసారులుండదు.

1985 నాటి మాదకద్రవ్యముల చట్టము ఈ ప్రాంతపు ఠాణాలలో అన్నిటికంటె ఎక్కువగా తిరుగవేయబడు పుస్తకము. దాని 42వ సెక్షను, అందిన సమాచారమును వ్రాసికొనవలెననియు, సూర్యాస్తమయము తరువాత వారంటులేక ఇల్లు చొరబడునెడల తన నమ్మకపు కారణములను గూడ వ్రాయవలెననియు, 72 గంటలలో పైయధికారికి ప్రతి పంపవలెననియు శాసించుచున్నది; దీనిని బొత్తిగా పాటింపకుండుట తగదని 2009లో కర్నైల్‌సింగ్ కేసున రాజ్యాంగధర్మాసనము తేల్చినది. అదే చట్టపు 50వ సెక్షను క్రింద మనిషి దేహమును వెదకునపుడు, గెజిటెడ్ అధికారి యెదుటగాని మేజిస్ట్రేటు యెదుటగాని వెదకించుకొను హక్కు నీకు కలదని ముందుగా చెప్పితీరవలెనని 1999లో బల్దేవ్‌సింగ్ కేసున నిర్ణయమైనది. జేబునకు లభించిన ఈ మాటసాయము ఇంటి గడపకు నేటికిని లభింపలేదు. ఇది నా దృష్టిలో మన శాసనములందలి పెద్ద లోపము.

ఆంధ్రప్రదేశముననే పుట్టిన మరియొక వ్యాజ్యము ఈ చరిత్రను మలుపుత్రిప్పినది. స్టాంపుల చట్టపు 73వ సెక్షనును మన శాసనసభ 1986లో సవరించి, కలెక్టరు అధికారమిచ్చిన యెవరైనను ఏ యావరణములోనికైనను ప్రవేశించి పత్రములు వెదకి పట్టుకొనవచ్చునని వ్రాసినది. బ్యాంకులు ఎదురుతిరిగినవి, హైకోర్టు ఆ సవరణను కొట్టివేసినది, 2004లో కెనరా బ్యాంకు కేసున సుప్రీంకోర్టు ఆ తీర్పును సమర్థించుచు, ఏకాంతము స్థలమునకు గాదు, మనుష్యునికి చెందినదని చాటినది. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసున తొమ్మండుగురు న్యాయమూర్తులు ఏకగ్రీవముగా ఏకాంతమును ప్రాథమికహక్కని ప్రకటించి, దానికి విరుద్ధమైనంతమేర శర్మ, ఖరక్‌సింగ్ తీర్పులను త్రోసివేసి, సుబ్బారావుగారు యాబదిఐదేండ్లక్రితము షాగారితో కలసి నిలిపిన మాటను దేశశాసనముగా చేసిరి.

అయినను తెల్లవారుజామున కాలనీని చుట్టుముట్టి ఇంటింటి తలుపు తట్టు 'కార్డన్ సెర్చి' మన రెండు తెలుగు రాష్ట్రములలోను నేటికిని సాగుచున్నది. బండి కాగితములు చూపుమనుటతో మొదలై లోపలి గది చూచుటతో ముగియు ఈ తనిఖీ, ఇంటింటికి విడివిడిగా కారణము వ్రాయబడనిచో, నేటి 185వ సెక్షను (పాత 165) నీడను సైతము చేరజాలదు. అది నిలబడునది కేవలము నివాసుల మౌనసమ్మతి మీదనే. పేదల బస్తీలలో సులువుగా లభించు ఈ మౌనము బంగళాల వీథులలో అంత సులువుగా లభింపదని అందరు నెరిగినదే.

2024 జులై 1 నుండి కోడు స్థానమున భారతీయ నాగరిక సురక్షా సంహిత అమలులోనికి వచ్చినది. పాత 165 నేడు 185వ సెక్షను. మధ్యవర్తుల యెదుట సోదా జరుగవలెనను 1898 నాటి 103వ సెక్షను, తరువాతి కోడున నూరవ సెక్షనై, నేడు మరల 103 అయినది. సోదాను దృశ్యశ్రవణ సాధనముతో చిత్రీకరింపవలెననుటయు, వ్రాసిన కారణముల ప్రతిని 48 గంటలలోపల మేజిస్ట్రేటునకు పంపవలెననుటయు క్రొత్తగా చేరినవి.

కావున చోడవరపు పాఠకునకు నా మనవి యిది. వారంటులేక వచ్చినవారికి సమ్మతి యీయకుడు. చేయి మాత్రము అడ్డుపెట్టకుడు. సద్బుద్ధితో చేసిన అధికారి పని చట్టమున కొంత తప్పినను దానిపై ఆత్మరక్షణహక్కు పనిచేయదని శిక్షాస్మృతి చెప్పుచున్నది. రహమానునకు కలిగిన విముక్తి దిగువకోర్టునుండి సుప్రీంకోర్టువరకు నడచినపిదప దక్కినది. మర్యాదగా నొక్కమాట చెప్పుడు: "అయ్యా, నేను ఒప్పుకోవడం లేదు, అడ్డు రావడమూ లేదు, మీరు రాసిన కారణం చూపించండి, మధ్యవర్తుల్ని పిలవండి." మీ యెదుటనే సోదా జరుగునట్లు చూడుడు, జాబితాప్రతిని సంతకములతో అడిగి తీసికొనుడు, చదువనిదే వ్రేలిముద్ర వేయకుడు. 48 గంటలు గడచినపిదప, వ్రాసిన కారణములు మేజిస్ట్రేటు కచేరికి చేరినవో లేదో విచారించి, దరఖాస్తు పెట్టుడు: ఆ ప్రతిని గృహస్థునికి ఉచితముగా నీయవలెనని 185వ సెక్షనులోనే యున్నది.