గుర్రం నడిచిన శ్లోకం

భద్రాచలం నుంచి దుమ్ముగూడెం మీదుగా అడవి అంచున పోతే పర్ణశాల వస్తుంది. సీతమ్మ నారచీరలు ఆరేసుకున్న రాళ్లివని వాగు ఒడ్డున చూపిస్తారు. మొన్న అక్కడ నిలబడినప్పుడు నాకొకటి తట్టింది. రాముడు ఇక్కడికి చేరేనాటికి ఆయన కాళ్లకు పాదుకలు లేవు. వాటిని భరతుడు అప్పటికే నెత్తిన పెట్టుకుని తీసుకుపోయాడు.

ఆ పాదుకల వెంట వెళ్తే చదరంగం బల్ల దగ్గర తేలాను.

వేదాంత దేశికులు 14వ శతాబ్దంలో 'పాదుకా సహస్రం' రాశారు. శ్రీరంగనాథుడి పాదుకలను, భరతుడు మోసిన పాదుకలను ఒకటిగా చూస్తూ చెప్పిన 1008 శ్లోకాలవి. ఒక్క రాత్రిలో చెప్పారని ప్రతీతి. అందులో చిత్రపద్ధతి అనే భాగంలో 929, 930 శ్లోకాలు పక్కపక్కన ఉన్నాయి. మొదటి శ్లోకంలోని అక్షరాలను గళ్లలో రాసి, వాటి మీద చదరంగం గుర్రాన్ని నడిపిస్తే, అది దిగిన గళ్ల వరసలో రెండో శ్లోకం పుడుతుంది.

ఈ సంగతి తెలిసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నోటుపుస్తకంలో నాలుగు వరసలు, వరసకు ఎనిమిది గళ్లు గీసి, 929వ శ్లోకాన్ని గడికో అక్షరం చొప్పున దించాను. చింతగింజను గుర్రమనుకుని కదిపాను. మొదటి వరసలో మొదటి గడి. అక్కడి నుంచి రెండో వరసలో మూడో గడి. మళ్లీ మొదటి వరసలో అయిదో గడి. రెండో వరసలో ఏడోది. అక్కడి నుంచి ఒక్క దూకులో నాలుగో వరస చివరి గడి. 930వ శ్లోకం మొదటి పాదంలోని ఎనిమిది అక్షరాలు వచ్చేసరికి ఒళ్లు గగుర్పొడిచింది. చివరికి గుర్రం ముప్పైరెండు గళ్లూ తిరిగింది, ఏ గడినీ రెండోసారి తొక్కలేదు.

అనుష్టుప్పుకు నాలుగు పాదాలు, పాదానికి ఎనిమిది అక్షరాలు. మొత్తం 32. చదరంగం బల్లలో సరిగ్గా సగం. మన లిపిలో ఒత్తులూ గుణింతాలూ కలిసినా అక్షరం ఒకటే, దానికి గడీ ఒకటే. అందుకే ఇది ఇక్కడ సాధ్యమైంది. దేశికులకంటే ముందే, 9వ శతాబ్దంలో కాశ్మీరపు రుద్రటుడు 'కావ్యాలంకారం'లో దీన్ని తురగపదబంధమని చూపించాడు. ఆయన శ్లోకాన్ని వరసగా చదివినా, గుర్రం నడకలో చదివినా అదే శ్లోకం వస్తుంది. బల్ల మీద గుర్రం తిరిగిన దారిని రాతలో దాచిన పద్ధతుల్లో మనకు తెలిసినంతలో బాగా పాతవాటిలో ఇదొకటి.

గడికి ఒక గుర్తు ఇవ్వడం, ఆ గుర్తుల వరసతో నడకను నిలబెట్టడం. ఎత్తులు రాసుకోవడమంటే ఇంతే కదా! ఆ విద్య మన కవుల చేతుల్లో ఉంది. కానీ వాళ్లు దానితో శ్లోకాలు కట్టారు, ఆటలు రాయలేదు.

బొడ్డుచర్ల తిమ్మన సంగతి చూడండి. చదరంగంలో కృష్ణదేవరాయలనే ఓడించేవాడని చాటువు చెబుతుంది. కొప్పోలు ఊరు ఆయనకు అలా దక్కిందంటారు. పద్యం నిలిచింది, ఊరి పేరు నిలిచింది. గుర్రాన్ని ముందు కదిపాడా, బంటును ముందు తోశాడా? ఒక్క ఎత్తూ మిగల్లేదు. అంతకుముందే, 1475 ప్రాంతంలో స్పెయిన్‌లోని వలెన్సియాలో ముగ్గురు కవులు కలిసి ఒక ఆటను 64 పద్యాల్లో ఎత్తు ఎత్తుగా చెప్పారు. దాన్ని ఈ రోజుకీ బల్ల మీద ఆడి చూడవచ్చు.

మన అవధానం దగ్గర నాకు మరీ బాధ. దివాకర్ల తిరుపతిశాస్త్రి, చెళ్లపిళ్ల వెంకటశాస్త్రి సంస్థానాలు తిరిగి జనంలోకి తెచ్చిన ఆ విద్యలో చదరంగమూ ఒక అంశం. ఒకరు నిషిద్ధాక్షరి అడుగుతారు, ఒకరు సమస్య ఇస్తారు, ఒకరు గంట కొడతారు. ఈ మధ్యలోనే అవధాని బల్ల వైపు చూడకుండా ఎత్తు చెప్పాలి. రాజు ముందరి బంటును రెండు గళ్లు జరపండి అంటే చాలు. పాత ఇంగ్లీషు చదరంగం పుస్తకాలదీ ఈ పద్ధతే. గడిని రాజుకో మంత్రికో ముడిపెట్టి చెప్పేవి. పక్కనే వ్యస్తాక్షరి అడిగేవారు వాక్యంలోని అక్షరాలను వరస తప్పించి, ఎన్నో అక్షరమో చెబుతూ ఒక్కొక్కటే అందిస్తారు. అవధాని చివర అన్నీ కూర్చి అప్పజెబుతాడు. స్థానం, దానికొక గుర్తు. ఇదీ అదే లెక్క. అయినా నేను చూసిన అవధాన సంపుటాల్లో పద్యాలే అచ్చయ్యాయి. ఆ సభల్లో ఆడిన చదరంగం ఆటలు ఎక్కడా కనిపించలేదు.

బయటి దేశాల్లో చదరంగాన్ని రాసిపెట్టిన కథ క్లుప్తంగా చెబుతాను. 9వ శతాబ్దంలో అరబ్బు ఆటగాడు అల్ అద్లీ పుస్తకం రాశాడు. అది పోయినా, అందులోని సమస్యలు తర్వాతివాళ్లు ఎత్తిరాసుకున్న ప్రతుల్లో బతికాయి. సిరియాలోని అలెప్పోలో పుట్టిన ఫిలిప్ స్టమ్మా 1737లో పారిస్‌లో నూరు ఆటముగింపులు అచ్చువేస్తూ, నిలువు వరసలకు అక్షరాలు, అడ్డ వరసలకు అంకెలు పెట్టాడు. 1883లో స్కాట్లండ్ పాత్రికేయుడు డేవిడ్ ఫోర్సిత్ బల్ల మీది పావులన్నిటినీ ఒక్క పంక్తిలో రాసే దారి కనిపెట్టాడు. పావుకు అక్షరం, ఖాళీ గళ్లకు వాటి లెక్క. వరసంతా ఖాళీ అయితే 8 అని రాస్తే సరి. 1981 నుంచి ప్రపంచ చదరంగ సమాఖ్య, స్టమ్మాలా గడిని అక్షరంతో, అంకెతో చెప్పే ఈ4, డీ5 పద్ధతినే గుర్తిస్తోంది.

ఖమ్మం పక్కనే ఉన్న వరంగల్ కుర్రాడు అర్జున్ ఇరిగేశి 2024 డిసెంబరులో 2800 రేటింగు దాటాడు. అతని ఆటలు ప్రతి ఎత్తుతో సహా భద్రంగా ఉన్నాయి. ఇల్లెందులోనో పాల్వంచలోనో ఒక పిల్ల వాటిని తన బల్ల మీద తిరిగి ఆడుకోగలదు. తిమ్మన మనకు ఇవ్వలేకపోయింది ఇదే.

మీ ఇంట్లో చదరంగం ఆడే పిల్లలుంటే ఒక నోటుపుస్తకం కొనివ్వండి. గెలిచిన ఆటే కాదు, ఓడిన ఆటా రాయించండి. తేదీ వేయించండి. అవధాన సభలు జరిపించే పెద్దలకూ ఒక విన్నపం: పద్యాలు రాసుకునేవారి పక్కన ఎత్తులు రాసుకునేవారినీ ఒకరిని కూర్చోబెట్టండి.