ఎస్‌ఈలినక్స్: వెబ్ సర్వరుకు ఫైలు నిరాకరణ
ఎస్‌ఈలినక్స్ అనేది లినక్స్ కెర్నెల్‌లోని అదనపు భద్రతా వ్యవస్థ. అమెరికా జాతీయ భద్రతా సంస్థ దీనిని 2000 డిసెంబరులో విడుదల చేసింది; 2003లో 2.6 కెర్నెల్‌లో చేరింది.

ఇందులో ప్రతి ఫైలుకూ ఒక లేబుల్ ఉంటుంది. అనుమతులు 644గా సరిగానే ఉన్నా, లేబుల్ సరిపడకపోతే అపాచీ సర్వరు ఆ ఫైలును చదవజాలదు. చూసేవారికి 403 దోషం కనిపిస్తుంది. తరచుగా కారణం చిన్నదే. హోమ్ డైరెక్టరీలో తయారైన పుటను 'ఎంవీ' ఆదేశంతో తరలిస్తే పాత లేబుల్ దాని వెంటే వస్తుంది. 'సీపీ'తో కొత్తగా నకలు తీస్తే మాత్రం సాధారణంగా చేరిన చోటి లేబులే పడుతుంది.

చాలామంది 'సెట్‌ఎన్‌ఫోర్స్ 0' అని ఊరుకుంటారు. పుట తెరుచుకుంటుంది గాని, యంత్రమంతటికీ ఆ రక్షణ పోతుంది. ఆడిట్ లాగ్‌లో నిరాకరణ పంక్తిని చూసి, 'ఎల్‌ఎస్ -జెడ్'తో లేబుల్ పరిశీలించి, 'రెస్టోర్‌కాన్'తో సవరించడమే సరైన పద్ధతి. పుటలను వేరే డైరెక్టరీలో ఉంచదలిస్తే ముందుగా 'సెమానేజ్ ఎఫ్‌కాంటెక్స్ట్'తో నమోదు చేయాలి. 'సీహెచ్‌కాన్'తో మార్చిన లేబుల్, వ్యవస్థకు తిరిగి లేబుళ్ళు వేసినపుడు చెరిగిపోతుంది.