తణుకు చెఱకు, రాజ్యాంగ వ్యాఖ్యానము

చెఱకును కోసిన గడియనుండియే దానియందలి తీపి తఱుగసాగును. ఈ ప్రకృతిధర్మము నాశ్రయించి పుట్టిన యొక చట్టమువలన భారత రాజ్యాంగ వ్యాఖ్యానచరిత్రలో లెక్కింపదగిన తీర్పొకటి వెలువడినది. ఆ తీర్పు తణుకు పంచదార కర్మాగారము పేరనే న్యాయగ్రంథములకెక్కినది.

నన్నయభట్టు యజ్ఞమాచరించెనని ప్రతీతిగల తణుకులో 1947లో ముళ్లపూడి హరిశ్చంద్రప్రసాదుగారి పూనికచే ఆంధ్రా షుగర్సు సంస్థ వెలసినది. గానుగ సాగెడు దినములలో నరికిన గడలను మోపులు గట్టి, బండికెత్తి, కాటా యెదుట వరుసలో నిలిపిన రైతునకు ఒక్క దినము జాగైనను నష్టమే. వడలిన చెఱకు తూకమును తఱుగును, రసమును తఱుగును, దూరపు మిల్లునకు తోలుకొనిపోవుట కూలికైనను గిట్టదు. కొనువాడొక్కడు, అమ్మువారు వేలమంది యైనచోట బేరమెట్లు జరుగునో వేఱుగ చెప్పనక్కఱలేదు. ఆ దుర్బలత్వమును గుర్తించియే 1961లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ చెఱకు సరఫరా, కొనుగోలు నియంత్రణ చట్టమును చేసినది. కర్మాగారమునకు కేటాయించిన ప్రాంతములోని రైతు తన చెఱకును అమ్మజూపవచ్చును, మానవచ్చును. అమ్మజూపినచో మాత్రము కర్మాగారమువారు కాదనరాదు, ఒప్పందము వ్రాసికొని తీరవలెను. అదే చట్టపు 21వ సెక్షను ఆ కొనుగోలుపై టన్నుకు 5 రూపాయలకు మించని పన్ను విధించు నధికారమును ప్రభుత్వమున కొసగినది.

పంచదార పరిశ్రమ కేంద్రము చేతిలోనిది, చెఱకు మాటయో? రాజ్యాంగము ఏడవ షెడ్యూలులో 97 అంశములను కేంద్రమునకు, 66 అంశములను రాష్ట్రములకు, 47 అంశములను ఉభయులకును పంచియిచ్చినను, పంచిన గట్లమీద తగవులు తప్పలేదు. ఉత్తరప్రదేశ్ రైతుల టీకా రాంజీ వ్యాజ్యమున 1956లోనే సుప్రీంకోర్టు, ముడిసరుకైన చెఱకు సరఫరాపై రాష్ట్రము చట్టము చేయవచ్చునని తేల్చినది. కాగా ఆ కొనుగోలుపన్ను చెల్లదని కోర్టుకెక్కిన తణుకువారి వాదము వేఱు. రాష్ట్రజాబితాలోని 54వ అంశము క్రయవిక్రయములపై పన్ను వేయనిచ్చును గదా. క్రయమునకు ఉభయుల స్వేచ్ఛాసమ్మతి ప్రాణము. కొనక తప్పదని చట్టమే శాసించినచోట సమ్మతి యెక్కడిది, క్రయమెక్కడిది, పన్నెక్కడిది? ఈ వాదమునకు బలము లేకపోలేదు: పంచదార నియంత్రణ ఉత్తరువుల ననుసరించి సరుకు పంపుట అమ్మకము గాదని బీహారు మిల్లు వ్యాజ్యములో సుప్రీంకోర్టు అధికసంఖ్యాకులే అంతకుముందు పలికియుండిరి.

1967లో ఐదుగురు న్యాయమూర్తుల పక్షమున తీర్పు వ్రాసినవారు, తరువాత కృష్ణాజలముల పంపకముచే తెలుగువారి కెల్లరకు పేరెఱుకైన బచావత్. చట్టము చేయు నిర్బంధము, కాంట్రాక్టు చట్టము చెప్పెడు బలాత్కారము కాదని వారు నిర్ణయించిరి. కనుక ఒప్పందము ఒప్పందమే, క్రయము క్రయమే, పన్ను చెల్లును. సమానత్వమును, వాణిజ్యస్వేచ్ఛను ఆధారము చేసికొని లేవదీసిన ఆక్షేపణలును నిలువలేదు.

రాజమహేంద్రవరమున పుట్టిన కోకా సుబ్బారావుగారు ఆ సంవత్సరమే ఫిబ్రవరి 27న ప్రధానన్యాయమూర్తిగా గోలక్‌నాథ్ తీర్పు నిచ్చి, పార్లమెంటు ప్రాథమికహక్కులను హరింపజాలదని ఆర్గురు ఐదుగురిపై నెగ్గిన ఘట్టము లోకప్రసిద్ధము. తణుకు తీర్పునకు ఆ ప్రసిద్ధి లేదు. అయినను రైతు దృష్టితో చూచినచో దాని విలువ తక్కువది కాదని నా నమ్మకము. పన్ను నివారించుకొనుటకై కర్మాగారమువారు చేసిన వాదమే గెలిచియున్నచో, చెఱకు తోలిన రైతు విక్రేత హోదాను కోల్పోయి, ప్రభుత్వపు ఆజ్ఞ చొప్పున సరుకు అప్పగించిన వానిగ మిగిలియుండెడివాడు. విక్రేతగా నిలిచినందుననే ధరకై అడుగు హక్కు అతనికి ఒప్పందమునుండియే సంక్రమించినది.

ఇట్టి గట్టుతగవు తెలుగువారికి క్రొత్తయు కాదు. 1937లో నెలకొన్న ఫెడరల్ కోర్టు యెదుటికి, మద్రాసు రాష్ట్రమునకు ప్రతివాదులై బొడ్డు పైడన్న అండ్ సన్సు అను వర్తకులు వేరుశనగనూనె పన్నుతో వెళ్లిరి. ఉత్పత్తిపై వేయు ఎక్సైజు సుంకము కేంద్రముది. తయారుచేసినవాడే తొలిసారి అమ్మినప్పుడు పడు పన్ను దేనిక్రిందికి వచ్చును? 1942లో ప్రధానన్యాయమూర్తి మారిస్ గ్వయర్, పన్ను పడుట తయారీకి కాదు, అమ్మకమునకని వివరించి రాష్ట్రము పక్షమున నిలిచెను. స్వాతంత్ర్యానంతరము కోర్టు పేరు మాఱినను తర్కపద్ధతి మాఱలేదు.

బీహారు తీర్పు 1977లో విష్ణు ఏజెన్సీల వ్యాజ్యమున ఏడుగురి ధర్మాసనముచే త్రోసివేయబడగా తణుకు మార్గమే రాజమార్గమైనది. 2016లో 101వ సవరణ ఆ 54వ అంశమునే కుదించి పెట్రోలు, డీజిలు, మద్యము మొదలగు కొన్ని సరుకులకు పరిమితము చేయుటచే చెఱకు దానినుండి తొలగిపోయినది. పన్ను పోయినను, చట్టనిర్బంధము సమ్మతిని చెఱుపదను సూత్రమును న్యాయవాదులు నేటికిని తణుకు కర్మాగారము పేరు చెప్పియే ఉదాహరించుచున్నారు.